చిన్న ట్రాక్టరుతో దట్టమైన కంప కొట్టడం: బండి చెడకుండా పడావు భూమిని సాగులోకి తెచ్చే పద్ధతి

కల్వకుర్తి ఎత్తిపోతల, కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు నీళ్లు అందిన పాలమూరు ఊళ్లలోనూ, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు పారుతున్న నల్లగొండ మండలాల్లోనూ ఏళ్ల తరబడి పడావు పడిన చెలకలను మళ్లీ దున్నాలని చూస్తున్న రైతులు చాలామంది ఉన్నారు. వలస పోయిన కుటుంబాల భూములైతే గెట్టు ఎక్కడుందో కూడా తెలియనంతగా సర్కారు తుమ్మ అల్లుకుపోయి ఉంటుంది. ఇంటి ముందు 20 నుంచి 27 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు ఉన్న రైతుకు, జేసీబీకి గంటల లెక్కన కిరాయి కట్టే బదులు ఆ పనేదో సొంత బండితోనే చేసుకుందామని అనిపించడం సహజం. చేసుకోవచ్చు. కానీ ఈ బండి బరువు ఒక టన్నుకు అటూ ఇటుగా ఉంటుంది, ఇంజను కింద ఖాళీ సుమారు అడుగు మాత్రమే ఉంటుంది, ముందు టైర్లు చిన్నవి, డీజిల్ పైపులూ వైర్లూ చాలావరకు బయటే వేలాడుతుంటాయి. పత్తి సాళ్ల మధ్యా తోటల్లోనూ తిరగడానికి తయారైన యంత్రాన్ని అడవిలోకి తోలుతున్నామన్న సంగతి పని మొదలైనప్పటి నుంచి చివరి దాకా గుర్తుండాలి.

ఇలాంటి పనిలో బండికి నష్టం తెచ్చేవి ప్రధానంగా మూడు. మొదటిది కంపలో కనిపించకుండా దాగిన రాయి, గుంత లేదా ఇనుము. రెండోది నరికిన తరువాత నేల మీద మిగిలిన మొండి మొదళ్లు. మూడోది రేడియేటర్‌కు అడ్డం పడే ఆకు, పొట్టు. పచ్చి కొమ్మల వల్ల బండి చెడడం అరుదు. అందుచేత ఈ పనికి ప్రధాన సూత్రంగా ఒక్కటి పెట్టుకుంటే చాలు: ట్రాక్టరు చక్రం ఎప్పుడూ ముందుగా కోసి, చూసి, శుభ్రం చేసిన నేల మీదే తిరగాలి. దిగువ చెప్పే పద్ధతి అంతా ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉంది.

ముందుగా కాలినడకన చూడడం

బండిని షెడ్డులోంచి తీయకముందే భూమి అంతా నడిచి చూడాలి. దట్టమైన కంపలో నేరుగా నడవడం కుదరదు కాబట్టి, ఇద్దరు మనుషులను పెట్టి అయిదారు మీటర్లకు ఒకటి చొప్పున మనిషి పట్టేంత సన్నటి బాటలు కొట్టించి, ఆ బాటల వెంట గడపారతో నేలను పొడుస్తూ వెళ్లాలి. గడపార దిగకుండా టంగుమని మోగిన చోట పరుపు బండ గానీ, సగం పూడిన గుండు గానీ ఉంటుంది. అక్కడ పొడవాటి కర్ర పాతి, దాని చివర తెల్ల గుడ్డ కట్టాలి. నల్లగొండ జిల్లా పడమటి మండలాల్లోనూ, పాలమూరులో చాలా చోట్లనూ ఎర్ర చెలక మందం తక్కువగా ఉండి కిందనే నల్లరాతి బండ తగులుతుంది. కాబట్టి ఈ పొడిచి చూసే పనిని తేలికగా తీసుకోకూడదు.

అన్నింటికన్నా ప్రమాదం పాత బావులతో ఉంటుంది. ఒకప్పుడు మోటతోనూ, ఆ తరువాత ఆయిల్ ఇంజన్‌తోనూ పారిన వ్యవసాయ బావులను బోర్లు వచ్చాక అలాగే వదిలేశారు. వాటికి చుట్టుగోడ ఉండదు. అంచు చుట్టూ పెరిగిన తుమ్మ, పరికి, వావిలి కలిసి బావి నోటిని పూర్తిగా కప్పేస్తాయి. అంచు మట్టి వానలకు కోసుకుపోయి కింద డొల్లగా ఉంటుంది గనుక, మనిషిని మోసిన నేల ట్రాక్టరును మోయకపోవచ్చు. బావి ఎంత లోతు ఉందో కనీసం అంత దూరంలో సున్నం గీత గీసి, ఆ గీత లోపల కంపను మనుషులతోనే కొట్టించడం క్షేమం. ఊళ్లోని పెద్దవాళ్లను అడిగితే ఏ చెలకలో ఎన్ని బావులున్నాయో, ఎక్కడ బోరు వేసి నీళ్లు పడక వదిలేశారో చెబుతారు. పట్టా పాసుపుస్తకంలో దొరకని సమాచారం ఇది.

బావుల తరువాత చూడవలసింది ఇనుము. కూలిపోయిన కడీల కంచె, దాని ముళ్ల తీగ, పాత మోటారు సర్వీసు వైరు, డ్రిప్పు పైపు ముక్కలు, కరెంటు స్తంభాల స్టే వైరు మొదలైనవి గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. ముళ్ల తీగ ఒక్క మూర స్లాషర్ (ట్రాక్టరు వెనుక బిగించి కంపను కోసే తిరుగుడు బ్లేడు యంత్రం) బ్లేడుకు చుట్టుకుంటే బ్లేడు ఆగిపోవడమే కాక, ఆ తీగ గేర్‌బాక్స్ కింది ఆయిల్ సీలును కోసేస్తుంది. సీలు పోయిన గేర్‌బాక్స్ నూనె కార్చుకుంటూ రెండు రోజులు పనిచేసి, ఆ తరువాత లోపలి పళ్లు అరిగి పోతుంది. సర్వే హద్దురాళ్లు కనబడితే వాటినీ గుర్తు పెట్టాలి. బండి తగిలి హద్దురాయి కదిలితే వచ్చే తగాదా ముందు ట్రాక్టరు రిపేరు ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది.

కంపలో వేప, చింత, ఇప్ప వంటి చెట్లుంటే వాటి జోలికి పోకముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. భూమి అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అడవి హద్దును ఆనుకుని ఉంటే ఈ విచారణ తప్పనిసరి. నడిచేటప్పుడే తేనెతుట్టెలు, కందిరీగల గూళ్లు ఎక్కడున్నాయో గమనించాలి. ఇంజను చప్పుడుకు లేచిన ఈగల నుంచి తప్పించుకోవడానికి బండి మీద నుంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంటుంది.

పనికి తగిన కాలం

కంప కొట్టడానికి సంక్రాంతి నుంచి మార్చి మొదటి వారాల దాకా ఉన్న కాలం అనుకూలమైనది. అప్పటికి కింది గడ్డి ఎండి పడిపోయి నేల కనిపిస్తుంది, తడి ఉండదు గనుక చక్రాలు జారవు, యాసంగి పనులు ఉన్నా కైకిలి మనుషులు దొరుకుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన గడ్డికి నిప్పు అంటుకునే ప్రమాదం ఎక్కువ. వానాకాలంలో గడ్డి నడుములోతు పెరిగి కింద ఏముందో తెలియదు, పైగా నెమళ్లు కంపల కింద గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే. నెమలికి వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది కాబట్టి గుడ్లున్న పొదను వదిలి ముందుకు పోవాలి.

మొదళ్లు పీకే పనిని మాత్రం ఎండాకాలంలో పెట్టుకోకూడదు. ఎండిన ఎర్ర చెలక మొదలును బిగించి పట్టుకుంటుంది. తొలకరిలో రెండు మంచి వానలు పడి నేల జానెడు లోతు నానిన తరువాత అదే మొదలు సగం శ్రమతో వస్తుంది. నల్లరేగడిలో ఇందుకు విరుద్ధంగా వాన పడిన వెంటనే చిన్న ట్రాక్టరు దిగబడిపోతుంది గనుక, నాలుగైదు రోజులు ఆరనిచ్చి, పాదం దిగబడని స్థితికి వచ్చాకే లోపలికి తోలాలి.

బండికి కవచం

ఈ ఖర్చు పెట్టడానికి చాలామంది వెనుకాడతారు. కానీ వెల్డింగు షాపులో ఒక రోజు పనితో అయ్యే ఏర్పాటు ఇది. ఇంజను ఆయిల్ చాంబర్, దాని డ్రెయిన్ బోల్టు, డీజిల్ ఫిల్టర్ గిన్నె, స్టీరింగ్ రాడ్డు అన్నీ ముందు ఇరుసుకు కొంచెం వెనుక, నేలకు దగ్గరగా ఉంటాయి. వాటి కింద అయిదారు మిల్లీమీటర్ల మందం ఇనుప రేకును ముందు అంచు పైకి వంచి బిగిస్తే, మొదలు తగిలినా రేకు మీదుగా జారిపోతుంది. రేకును ఇంజనుకు నేరుగా వెల్డు చేయకూడదు. బోల్టులతో బిగించాలి, డ్రెయిన్ బోల్టు దగ్గర రంధ్రం వదలాలి, గాలి ఆడేందుకు పక్కలు తెరిచి ఉంచాలి. వెల్డింగు ఏదైనా బండి మీద ఉండగా చేయవలసి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పించాలి.

రేడియేటర్ ముందు గ్రిల్లుకు బయట వైపున దళసరి వెల్డ్‌మెష్ ఒకటి, దాని లోపల దోమతెర లాంటి సన్న జాలి ఒకటి పెట్టాలి. మొదటిది కొమ్మలను ఆపుతుంది, రెండోది పొట్టును ఆపుతుంది. సన్న జాలి చేత్తో సులువుగా బయటికి లాగి దులిపేలా ఉండాలి. నాలుగు నట్లు విప్పితే గానీ రాని జాలిని పని మధ్యలో ఎవరూ శుభ్రం చేయరు. పక్కలకు వేలాడే హైడ్రాలిక్ పైపులకు, డీజిల్ పైపుకు పాత రబ్బరు పైపును నిలువునా చీల్చి తొడిగి, క్లిప్పులతో కట్టాలి. ఇండికేటర్లు, సైడు అద్దాలు, ఎండకు వేసుకున్న పై కప్పు విప్పి ఇంట్లో పెట్టడం మంచిది. అయితే బోల్తా పడినప్పుడు డ్రైవరును కాపాడే దృఢమైన ఇనుప ఫ్రేము బండికి ఉంటే, దాన్ని విప్పకూడదు; అది నిలబెట్టి ఉన్నంతసేపూ సీటు బెల్టు పెట్టుకోవాలి.

ఇక టైర్ల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు పచ్చిగా ఉన్నప్పుడు వంగుతుంది, ఎండిన తరువాత మేకులాగా గట్టిపడుతుంది. అది టైరులోకి దిగిన క్షణానే గాలి పోదు. ముల్లు మొన రబ్బరు మందంలో విరిగి ఉండిపోయి, చక్రం తిరిగిన కొద్దీ లోపలికి నెట్టుకుంటూ పోయి, వారం పది రోజుల తరువాత, బండి పత్తి చేనులోనో రోడ్డు మీదో ఉన్నప్పుడు ట్యూబును పొడుస్తుంది. అందువల్ల కంప కొట్టిన ప్రతి సాయంత్రం జాక్‌తో ముందు చక్రాన్ని లేపి, చేత్తో మెల్లగా తిప్పుతూ, కనిపించిన ప్రతి ముల్లునూ పట్టకారుతో నిటారుగా బయటికి లాగాలి. పక్కకు వంచి లాగితే మొన లోపలే విరుగుతుంది. లాగిన చోట సబ్బు నీళ్లు పూసి చూస్తే, బుడగ వస్తే పంక్చరు, రాకపోతే ముల్లు ట్యూబు దాకా పోలేదని అర్థం. ట్యూబులో సీలెంటు ద్రవం పోయించుకుంటే ముళ్ల రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. టైరు పక్క గోడకు తగిలే మొండి మొదలు చేసే కోతకు మాత్రం ఏ ద్రవమూ పనికిరాదు. గాలిని కంపెనీ పుస్తకం చెప్పినంతే ఉంచాలి. పట్టు కోసమని బాగా తగ్గిస్తే పక్క గోడలు ఉబ్బి, కోతకు మరింత అందుబాటులోకి వస్తాయి.

ఏది మనిషి కొట్టాలి, ఏది యంత్రం కొట్టాలి

చిన్న ట్రాక్టరు యజమానులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్లాషర్ పెట్టుకున్నాం గనుక దారిలో వచ్చిందల్లా కోసుకుపోవాలని చూస్తారు. నాలుగడుగుల తేలికపాటి స్లాషర్ గడ్డి, వయ్యారిభామ, తంగేడు, తలంబ్రాల కంప, బొటనవేలు మందం లోపు తుమ్మ రెమ్మలను కోయడానికి తయారైంది. దానికన్నా లావైన కాండాలను కోయగల దళసరి స్లాషర్లు ఉన్నాయి గానీ, వాటి బరువును, అవి అడిగే శక్తిని చిన్న బండి భరించలేదు. స్లాషర్ వెడల్పు ఒక్కో అడుగుకు పీటీఓ (ఇంజను శక్తిని వెనుక పనిముట్టుకు అందించే షాఫ్టు) దగ్గర దాదాపు అయిదు హెచ్‌పీ కావాలని లెక్క వేసుకుంటే, 24 హెచ్‌పీ ఇంజను ఉన్న బండికి నాలుగడుగుల స్లాషరే హద్దు. ఎందుకంటే ఇంజను శక్తి అంతా పీటీఓ దాకా రాదు. కంపను ముక్కలుగా, పొట్టుగా నలిపే ష్రెడ్డర్లు, మల్చర్లు ఇంకా ఎక్కువ శక్తి తినే యంత్రాలు కనుక, వాటిని పెద్ద ట్రాక్టరు కిరాయికి దొరికినప్పుడే ఆలోచించాలి.

కాబట్టి బొటనవేలు కన్నా లావు ఉన్న ప్రతి కాండాన్నీ ముందుగా మనిషి కొట్టాలి. గొడ్డలి పనికి ఒక పట్టు ఉంది. మామూలుగా గొడ్డలితో ఏటవాలుగా కొడతారు. అలా మిగిలిన మొదలు బల్లెంలా నిలబడి టైరును చీలుస్తుంది. కైకిలివాళ్లకు ముందే స్పష్టంగా చెప్పి, పీకదలచిన మొదళ్లను మోకాలి ఎత్తున వదలమనాలి, పీకవలసిన అవసరం లేనివాటిని నేలమట్టానికి చదునుగా కోయమనాలి. ఈ రెంటికీ మధ్య, గడ్డిలో కనిపించని జానెడు ఎత్తులో, ఏదీ మిగలకూడదు. చిన్న చైన్‌సా ఉంటే చదునైన కోత సులువుగా వస్తుంది, కానీ మట్టి తగిలితే దాని గొలుసు పదును వెంటనే పోతుంది కనుక మొదలు చుట్టూ మట్టి తీసి కోయాలి. మోకాలి ఎత్తున వదిలిన మొదళ్లకు తలపైన సున్నం పూస్తే బండి నడిపేవాడికి దూరం నుంచే కనిపిస్తాయి.

నరికిన కంపను పంగలకర్రతో తోసి, వరుసగా ఒక పక్కకు కుప్పలు వేయాలి. ట్రాక్టరుకు ముందు పట్టీ కట్టించి దానితో కుప్పలను నెట్టే పద్ధతి ఈ మధ్య కనిపిస్తోంది. ఎండు కంపను మెల్లగా నెట్టినంత వరకు పరవాలేదు. పాతుకున్న మొదలును ఆ పట్టీతో గుద్దితే దెబ్బంతా ముందు ఇరుసు బుష్షుల మీద, ఇంజనును ఇరుసుకు కలిపే బోల్టుల మీద పడుతుంది. చిన్న బండిలో అవి అంత దెబ్బకు తయారైనవి కావు.

స్లాషర్ నడిపే తీరు

పని మొదలు పెట్టే ముందు స్లాషర్ గేర్‌బాక్స్‌లో నూనె, బ్లేడు బోల్టుల బిగువు, షాఫ్ట్ కప్లింగులకు గ్రీసు, షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవరు చూసుకోవాలి. ఎక్కువ భారం పడినప్పుడు తెగిపోయేందుకు షాఫ్ట్‌లో పెట్టిన బోల్టు స్థానంలో, మాటిమాటికి తెగుతున్నదని గట్టి బోల్టు బిగించే అలవాటు మన దగ్గర చాలా ఉంది. ఆ బోల్టు తెగడమే దాని పని. అది తెగకపోతే తరువాత తెగేది గేర్‌బాక్స్ పళ్లో, ట్రాక్టరు పీటీఓ షాఫ్టో అవుతుంది. కంపెనీ చెప్పిన రకం బోల్టులు అయిదారు కొని డబ్బాలో పెట్టుకోవాలి. బోల్టుకు బదులు క్లచ్చు ప్లేట్లున్న స్లాషర్ అయితే, వానాకాలమంతా ఆరుబయట ఉన్న తరువాత ఆ ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి. స్ప్రింగులను కొంచెం వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, మళ్లీ చెప్పిన కొలతకు బిగించాలి.

కోత ఎప్పుడూ బయటి అంచు నుంచి లోపలికి జరగాలి. కంప మధ్యలోకి నేరుగా బండిని దూర్చకుండా, అంచు వెంబడి తిరుగుతూ స్లాషర్ వెడల్పులో సగం మాత్రమే కొత్త కంపను తీసుకోవాలి. అప్పుడు కనీసం ఒక పక్క చక్రాలు ముందటి సాలులో కోసిన నేల మీద తిరుగుతాయి, రెండో పక్కను మనుషులు చూసి మొదళ్లకు గుర్తు పెట్టిన నేల మీద తిరుగుతాయి. మొదటి విడత కోత అడుగు ఎత్తున సాగించి, రాళ్లు కనిపించాక రెండో విడత కిందికి దించాలి. పీటీఓ 540 చుట్లకు ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో మీటరు మీద గుర్తు ఉంటుంది. థ్రాటిల్‌ను అక్కడ నిలిపి, గేరు మాత్రం అన్నింటికన్నా తక్కువది వేయాలి. కంప దట్టమైన చోట ఇంజను గొంతు మారుతుంది. అప్పుడు క్లచ్చును సగం నొక్కి నడపకుండా, బండి కదలిక పూర్తిగా ఆగేదాకా నొక్కి, బ్లేడు మళ్లీ వేగం అందుకున్నాక కదలాలి. సగం క్లచ్చుతో ఒక పూట నడిపితే ప్లేటు మాడిన వాసన వస్తుంది, ఆ తరువాత బండిని రెండుగా విప్పవలసి వస్తుంది. పీటీఓకు విడిగా క్లచ్చు లేని బండిలో క్లచ్చు నొక్కితే బ్లేడు కూడా ఆగుతుందన్నది గుర్తుంచుకుని, అలాంటి బండితో ఇంకా తక్కువ వెడల్పు తీసుకోవాలి.

మొండి కనిపించిందని పీటీఓ తిరుగుతుండగానే స్లాషర్‌ను పూర్తిగా పైకి లేపితే షాఫ్ట్ కప్లింగు కోణం పెరిగి టకటకమని కొట్టుకుంటుంది, క్రాసు విరుగుతుంది. బ్లేడు కింద తెరుచుకోవడంతో రాళ్లు తుపాకీ గుండ్లలా ఎగురుతాయి. ఎంత ఎత్తు దాకా చప్పుడు లేకుండా లేస్తుందో ఖాళీ నేల మీద చూసుకుని, హైడ్రాలిక్ లివరు అక్కడ ఆగేలా అడ్డు పెట్టుకోవాలి. స్లాషర్ తిరుగుతున్నప్పుడు వంద మీటర్ల లోపు మనుషులు, జీవాలు ఉండకూడదు. గొర్లకాపరులు కొట్టిన కంప దగ్గరికి మేత కోసం మందను తోలుకొస్తుంటారు గనుక, గెట్టు మీద ఒక మనిషిని కాపలా పెట్టాలి. ఆ మనిషిని మడ్గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పకూడదు. నడిపేవాడు లుంగీ, మెడలో తువ్వాలు తీసేసి, దళసరి అడుగున్న బూట్లు వేసుకోవాలి; టైరు చెప్పుల్లోంచి ఎండు ముల్లు దిగుతుంది.

రేడియేటర్ జాలిని గంటకొకసారి, గడ్డి బాగా ఎండి ఉంటే అరగంటకొకసారి దులపాలి. బండి వేడెక్కిందని మీటరు చూపేదాకా ఆగకూడదు. చిన్న ఇంజనులో నీళ్లు తక్కువ, ముల్లు ఎర్ర గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పొట్టును ఫ్యాను వైపు నుంచి బయటికి, అంటే గాలి లోపలికి వచ్చే దిక్కుకు ఎదురుగా, తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. ముందు నుంచి నీళ్లు కొడితే పొట్టు ముద్దై లోపలే బిగుస్తుంది. అదే సమయంలో సైలెన్సర్ చుట్టూ, బ్యాటరీ పక్కన చేరిన ఎండుటాకులను తీసేయాలి. బండి దగ్గర రెండు డబ్బాల నీళ్లు, ఒక గోనెసంచి ఉంచుకోవడం తప్పనిసరి. ఎయిర్ క్లీనర్ నూనె గిన్నె రకమైతే రోజూ విప్పి, అడుగున మట్టి పేరుకుంటే నూనె మార్చాలి.

గుట్టవాలు భూముల్లో అడ్డంగా తోలకూడదు. చిన్న ట్రాక్టరు వెనుక చక్రాల మధ్య దూరం తక్కువ కనుక, ఒక చక్రం రాయి ఎక్కి మరొకటి గుంతలో దిగితే బోల్తా పడడానికి అది చాలు. రిమ్ములను తిప్పి బిగించి చక్రాల దూరం పెంచుకునే వీలు చాలా బండ్లలో ఉంది. ఈ పనికి ముందు అది చేయించుకోవాలి. నాలుగు చక్రాల డ్రైవును మెత్తటి నేలలోనే వాడాలి, డిఫరెన్షియల్ లాక్‌ను (వెనుక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేది) మలుపు తిప్పే ముందు వదలాలి.

మొదళ్లు పీకడం

1870ల చివర మద్రాసు అటవీ అధికారులు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించిన సర్కారు తుమ్మ, కరువు నేలల్లో వంటచెరకు దొరకాలని తెచ్చినది. కొట్టిన కొద్దీ చిగురించే దాని గుణమే అందుకు అక్కరకొచ్చింది, రైతుకు శత్రువూ అయింది. నేలమట్టానికి కొంచెం దిగువన, మొదలు చుట్టూ మొగ్గలుంటాయి. పైన ఎంత నున్నగా కోసినా అవి మిగిలితే తొలకరికి ఒక్క మొదలుకు పది పిలకలు వస్తాయి. అందుకే మొత్తం వేరును పెకలించవలసిన పని లేదు. చుట్టూ మట్టి తీసి అడుగు లోతున తల్లివేరును నరికి, మొగ్గలున్న ఆ భాగాన్ని బయటికి తీస్తే చాలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చిన్న ట్రాక్టరు మీద పడే భారం చాలా తగ్గుతుంది.

మొదలు చుట్టూ గడపారతో, పారతో గుంత తీసి, పక్క వేర్లను గొడ్డలితో తెంచి, తల్లివేరును మూడు వంతులు నరికిన తరువాతే గొలుసు వేయాలి. గొలుసును బండికి కట్టవలసింది డ్రాబార్ హుక్కుకే. టాప్ లింకుకు (పనిముట్టును పైవైపు పట్టుకునే కడ్డీకి) గానీ, వెనుక ఇరుసుకన్నా ఎత్తున్న మరే చోటికి గానీ కడితే, మొదలు రాకుండా బిగుసుకున్నప్పుడు వెనుక చక్రాలు నేలలో నిలిచి, బండి ముందు భాగం లేచి, నడిపేవాడి మీదికే వెనక్కి తిరగబడుతుంది. క్లచ్చు నొక్కేంత వ్యవధి కూడా ఉండదు. గొలుసు పొడవుగా ఉండాలి, ముందు మెల్లగా బిగించి, తక్కువ గేరులో లాగాలి. వదులు గొలుసుతో పరుగెత్తి కుదుపు ఇవ్వకూడదు. మోకుతోనూ, కేబులుతోనూ లాగితే తెగినప్పుడు అవి కొరడాలా వెనక్కి వచ్చి తగులుతాయి కనుక, గొలుసైనా సరే దాని మీద తడి గోనెసంచి వేసి, మనుషులను గొలుసు పొడవుకు రెండింతల దూరంలో నిలపాలి. రెండు ప్రయత్నాల్లో కదలని మొదలును వదిలి, మళ్లీ వేరు నరకాలి. తొడ లావు దాటిన తుమ్మ మొదళ్లు, ముఖ్యంగా బండ సందుల్లోకి వేరు దింపినవి, చిన్న బండి పని కాదు. వాటన్నింటినీ గుర్తు పెట్టి ఉంచి, జేసీబీని ఒక్క పూటకు పిలిపించి తీయించడం క్లచ్చు మార్చడం కన్నా చవక.

దున్నే ముందు

మొదళ్లు తీసిన గుంతలను పూడ్చి, వేరు ముక్కలూ ముళ్లూ ఏరించేదాకా రోటవేటర్‌ను ఆ భూమిలో దించకూడదు. వేర్లు దాని షాఫ్ట్‌కు చుట్టుకుంటాయి, దాగిన రాయి బ్లేడును విరుస్తుంది, ఆ దెబ్బ గేర్ల దాకా పోతుంది. మొదటి దుక్కికి స్ప్రింగులున్న అయిదు పళ్ల గొర్రు మంచిది. రాయి తగిలితే పన్ను వెనక్కి వాలి మళ్లీ సర్దుకుంటుంది. మొదటి సాళ్లు లోతు తక్కువగా, నడక వేగంతో దున్ని, పైకి వచ్చిన వేర్లను ఏరి, ఆ తరువాత అడ్డసాలు వేయాలి. ఏరిన కంపనూ మొదళ్లనూ బొగ్గు కాల్చేవాళ్లు కొనుక్కుపోతారు. సన్న కంపను గెట్టు వెంట కంచెగా వేయాలనుకుంటే, కాయలున్న కొమ్మలను మాత్రం ఏరి తగలబెట్టాలి.

ఎందుకంటే సర్కారు తుమ్మ కాయలను మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి, గింజలు పేడలో చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. కొత్తగా శుభ్రం చేసిన చెలకలో మొదటి ఏడాది మందను పడుకోబెట్టించడం, కాయలు మేసిన పశువుల పచ్చిపేడ తోలడం మానుకోవాలి. మొదటి వానాకాలంలో ఒకసారి, యాసంగికి ముందు మరోసారి పొలమంతా తిరిగి, జానెడు లోపు మొలకలను తడి నేలలో వేరుతో సహా చేత్తో లాగేయాలి. మూరెడు దాటితే వేరు లోతుకు దిగి గడపార అవసరమవుతుంది.